తోడు మరచిన పాఠము

ఉన్నత పాఠశాలలో సూక్ష్మజీవులను గూర్చి చెప్పు పాఠము విద్యార్థికి ఒక మలుపు వంటిది. అంతవరకు అతడు చదివిన చెట్టు, చేప, కప్ప కంటికి కనబడునవి. ఇక్కడ మొదటిసారిగా కంటికి కనబడని జీవము ఉన్నదని అతడు అంగీకరింపవలసి వచ్చును. అంగీకరించుటకు పుస్తకము అతనికి ఏ సాక్ష్యము చూపుచున్నది? ఆ సాక్ష్యము ఎంతవరకు నిలుచును? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలమున 2013లో వెలువడి, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ పాఠశాలలలోను కొనసాగిన ఎనిమిదవ తరగతి జీవశాస్త్ర పుస్తకములో ‘సూక్ష్మజీవుల ప్రపంచం’ అను పాఠము కలదు. పై ప్రశ్నలతో ఆ పాఠమును పరిశీలించుట మేలు. అది చెడ్డ పాఠమగుటచేత కాదు. మంచి పాఠమై యుండియు, ముఖ్యమైన మెట్టు దగ్గర ఆగిపోవుటచేత.

మెచ్చదగినది

మొదట మంచిని చెప్పుట న్యాయము. పాఠ్యకర్తలు బాక్టీరియాను చూపుటకు ఖరీదైన సామగ్రిని అడుగలేదు. ఒకటి రెండు చుక్కల మజ్జిగను గాజు పలకపై పరచి, దీపముపై కొద్దిగా వేడిచేసి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, అర నిమిషము లేక ఒక నిమిషము తరువాత నీటితో కడిగి, సూక్ష్మదర్శినితో చూడుమన్నారు. మజ్జిగ లేని ఇల్లు లేదు. జమ్మికుంట, హుజూరాబాదు ప్రాంతములలో చల్ల అన్నను అదియే. పరదేశపు ఉదాహరణను అరువు తెచ్చుకొనక, పిల్లవాని వంటింటినే ప్రయోగశాలగా చేసిన ఈ ఎంపిక ప్రశంసనీయము. అదే పాఠములో పాలు తోడుకొనుటను గూర్చిన కృత్యమును కలదు. వేడి పాలు, గోరువెచ్చని పాలు, చల్లని పాలు తీసుకొని వానిలో పెరుగు వేసి, ఏవి తోడుకొన్నవో చూడుమన్నారు. ఉష్ణోగ్రతకును జీవక్రియకును గల సంబంధమును ఒక్క రాత్రిలో బోధించు ఉపాయమిది.

అయినను ఈ రెండు కృత్యముల నడుమ ఒక పెద్ద ఖాళీ ఉన్నది. పలకపై కనబడు కణములు చచ్చినవి. వేడిచేయుట వానిని గాజుకు అతికించుటకే కాదు, చంపుటకు కూడ. గిన్నెలోనివి బ్రతికినవి, కాని కంటికి కనబడవు. చచ్చినదానిని చూచి, బ్రతికినదానిని తినివేసి, పాఠము ముగియుచున్నది. ఈ రెంటిని కలుపు ప్రశ్న ఒక్కటే: ఆ తోడు నిన్న ఎక్కడ ఉండెను? రేపు, వచ్చే నెల, వచ్చే సంవత్సరము దానిని ఎట్లు నిలుపుదుము? పాఠము ఈ ప్రశ్న వేయలేదు.

నిలుపుటయే శాస్త్రమునకు పునాది

ఇది చిన్న విషయమని తోచవచ్చును. చరిత్ర అట్లు చెప్పదు. బాక్టీరియా శాస్త్రము శాస్త్రముగా నిలిచినది సూక్ష్మదర్శినితో మాత్రమే కాదు. 17వ శతాబ్దమున లీవెన్‌హుక్ వానిని చూచెను. ఆ తరువాత సుమారు రెండు వందల సంవత్సరములు చూచినవారు చూచుచునే ఉండిరి. ఏ జీవి ఏ పని చేయునో తేల్చుటకు దారి ఏర్పడినది 1880 దశకమున, రాబర్ట్ కాఖ్ ఘన మాధ్యమముపై ఒక్కొక్క జాతిని విడదీసి పెంచు పద్ధతిని నెలకొల్పిన పిమ్మటనే. అతని ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె జెలటిన్‌కు బదులుగా అగర్ వాడుమని సూచించినది. అది ఆమె వంటింటి అనుభవము. వేసవిలో జెలటిన్ కరగిపోవును, అగర్ కరగదు.

విడదీసినదానిని నిలుపనిచో విడదీసిన శ్రమ వృథా. అందుచేతనే ప్రాగ్ నగరమున ఫ్రాంటిషెక్ క్రాల్ 1890 ప్రాంతమున బాక్టీరియా కల్చర్లను దాచి, అడిగిన శాస్త్రజ్ఞులకు పంపు భాండారమును ఏర్పరచెను. లండనులో 1920లోను, అమెరికాలో 1925లోను జాతీయ భాండారములు వెలసినవి. మన దేశమున పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు అనుబంధముగా ఒకటి, చండీగఢ్‌లో 1986లో స్థాపింపబడినది మరియొకటి కలవు. ఒక శాస్త్రజ్ఞుడు ఫలానా బాక్టీరియా ఫలానా మందును ఇచ్చునని ప్రకటించినచో, మరియొకడు అదే బాక్టీరియాను తెప్పించుకొని సరిచూడగలుగుట వీనివలననే. సరిచూచుటకు వీలులేని మాట శాస్త్రము కాదు.

తెలుగు ఇల్లాలికి ఈ సూత్రము కొత్త కాదు. తోడు పోయిన నాడు ఆమె పొరుగింటికి పోయి చెంచాడు పెరుగు తెచ్చుకొనును. నిన్న ఆమె ఇచ్చిన తోడే నేడు ఆమెకు తిరిగివచ్చును. ఒకచోట నశించినది మరియొకచోట నిలిచి ఉండుటయే భాండారముయొక్క అసలు రహస్యము. కల్చర్లకు నకళ్లు వేరొకచోట దాచుకొనుట భాండారములకు మేలైన పద్ధతి. పాఠ్యకర్తలు పొరుగింటి తోడును ఒక్క వాక్యములో తలచినను విద్యార్థికి ఈ ద్వారము తెరచుకొనెడిది.

ఒక్క పేరు చాలునా?

పాఠము పెరుగులోని జీవికి లాక్టోబాసిల్లస్ అను పేరు నేర్పును. పరీక్షకు ఆ పేరు చాలును. సత్యమునకు చాలదు. ఇంటి పెరుగు ఒక్క జాతి కల్చర్ కాదు, కలగూరగంప. లాక్టోబాసిల్లస్ కడ్డీలతో పాటు గొలుసులుగా కనబడు స్ట్రెప్టోకాకస్, జంటలుగానో పొట్టి గొలుసులుగానో కనబడు లాక్టోకాకస్, అప్పుడప్పుడు ఈస్ట్ కూడ అందులో ఉండును. సూక్ష్మదర్శినిలో గుండ్రని కణములు కనబడినప్పుడు ‘కడ్డీలు కనబడవలెను గదా’ అని పిల్లవాడు కలతపడును. అతని కన్ను సరియైనదే, పుస్తకమే తక్కువ చెప్పినది. పైగా 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ ప్రజాతినే విడదీసి అనేక కొత్త ప్రజాతులను ఏర్పరచిరి. పేరు మారును, గిన్నెలోని సమాజము నిలుచును.

రంగు విషయమునను ఒక హెచ్చరిక అవసరము. క్రిస్టల్ వయొలెట్ ఒక్కటే వేసినప్పుడు అన్ని బాక్టీరియాలును ఊదా రంగునే పొందును. అది జాతిని గుర్తించు పరీక్ష కాదు. చిక్కని మజ్జిగలోని పాల మాంసకృత్తు రేణువులు కూడ రంగు పట్టి, బాక్టీరియాలని భ్రమింపజేయును. పెరుగుపై తేరిన తేటను తీసుకొనినచో ఈ చిక్కు చాలవరకు తగ్గును. ఇంత చిన్న సూచన లేకపోవుటచేత ఎన్నో తరగతులలో విద్యార్థులు రేణువుల బొమ్మ గీసి బాక్టీరియా అని వ్రాసి ఉందురు.

‘గది ఉష్ణోగ్రత’ అను మోసము

పాఠముకంటె ఎక్కువగా విమర్శింపదగినది, పాఠము చుట్టు అల్లుకొన్న అలవాట్లు. వైజ్ఞానిక ప్రదర్శనల కొరకు పిల్లలు ఇంటి వద్దనే కల్చర్లను పెంచుట నేడు కొత్త కాదు. చేతివేళ్ల ముద్ర, మురుగునీటి చుక్క, నాణెము, తలుపు గొళ్లెము వీనిని అగర్ పళ్లెముపై తాకించి, ‘గది ఉష్ణోగ్రత వద్ద రెండు మూడు దినములు ఉంచుము’ అను సూచనను అనుసరింతురు. ఈ సూచన చాలవరకు శీతల దేశముల పొత్తములనుండి వచ్చినది. బ్రిటన్ పాఠశాలలలో ఇట్టి పళ్లెములను సాధారణముగా 25 డిగ్రీల సెల్సియస్‌కు మించనీయరు. కారణము స్పష్టము. మనిషికి వ్యాధి కలిగించు బాక్టీరియాలు మనిషి దేహపు వేడిని, అనగా 37 డిగ్రీలను కోరును. 25 డిగ్రీల వద్ద అవి చక్కగా పెరుగవు.

జమ్మికుంటలో మే నెల గది ఎట్లుండును? వెలుపల 43, 44 డిగ్రీలు దాటుట కరీంనగర్ జిల్లాలో అరుదు కాదు. రేకుల కప్పు క్రింది గది రాత్రికి కూడ పూర్తిగా చల్లబడదు. అక్కడ గది ఉష్ణోగ్రత అనగా దేహపు ఉష్ణోగ్రతయే. లండనులో రక్షణ కొరకు వ్రాసిన మాట ఇక్కడ అపాయమునకు ఆహ్వానమగుచున్నది. చేతినుండియు మురుగునుండియు తీసిన గుర్తుతెలియని జీవులు రెండు దినములలో కోట్లకొలదిగా పెరుగును. వానిని పళ్లెము మూత తెరచి చూచినను, వాసన చూచినను, ఆహారమున్న ఫ్రిజ్జిలో దాచినను ఇంటిల్లిపాదికి ముప్పు కలుగవచ్చును.

అందుచేత ఇంటి ప్రయోగశాలకు మొదటి నియమము ఇట్లుండవలెను: తెలియనిదానిని పెంచరాదు, పెంచనిదానిని దాచనక్కరలేదు. ఇంట నిలుపదగినవి మూడే: పెరుగు తోడు, రొట్టెలకు వాడు ఈస్ట్, రైతులు విత్తనములకు పట్టించు రైజోబియం. ఇవి ఏవో ముందే తెలిసినవి, మనిషికి హాని చేయనివి. పాఠశాలలో ఎప్పుడైనను ఇతర కల్చర్ పళ్లెములు తయారైనచో, వాని మూతలకు అంటుకాగితము అతికించి, తెరవకయే చూచి, పని ముగియగనే ప్రెజర్ కుక్కరులో పూర్తి పీడనము వద్ద 20 నిమిషములు ఉడికించి పారవేయవలెను. ఆ కుక్కరును మరల వంటకు వాడరాదు. పుస్తకములో ప్రయోగము ఎట్లు మొదలుపెట్టవలెనో ఉన్నది. ఎట్లు ముగింపవలెనో కూడ ఉన్నచో బాగుండును.

ప్రతి దినము తోడు వేసినచో ఏమగును?

జీవిని నిలుపుటకు రెండు మార్గములు. ఒకటి, ఎప్పటికప్పుడు కొత్త ఆహారములోనికి మార్చుచుండుట. రెండు, పెరుగకుండ ఆపి నిద్రపుచ్చుట. ఇల్లాలు చేయునది మొదటిది. భాండారములు ఎక్కువగా చేయునది రెండవది.

మొదటి మార్గము సులభము, కాని దానికొక వెల ఉన్నది. 500 మిల్లీలీటర్ల పాలలో 5 మిల్లీలీటర్ల పెరుగు వేసితిమనుకొందము. అది నూటికి ఒకటి. మరల అంత సాంద్రతకు పెరుగుటకు ప్రతి కణమును సుమారు ఆరున్నర సార్లు రెట్టింపు కావలెను. సంవత్సరము పొడవున ప్రతి దినము తోడు వేసినచో సుమారు 2400 తరములు గడచును. మనుష్యులలో ఇన్ని తరములకు వేల సంవత్సరములు పట్టును. ఇన్ని తరములలో ఉత్పరివర్తనములు కలుగును, పోటీలో గెలిచినవి మిగులును, బయటి జీవులు చొరబడును. నేటి తోడు ఏడాది క్రిందటి తోడు కాదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో ఎషరికియా కోలై బాక్టీరియాను పన్నెండు కుప్పెలలో వేసి, ప్రతి దినము నూటికి ఒకటి చొప్పున కొత్త ద్రవములోనికి మార్చు ప్రయోగమును ప్రారంభించెను. లెక్కలో అది మన తోడు వంటిదే. కాని అతడు ప్రతి 500 తరములకు ఒకసారి కొంత భాగమును గడ్డకట్టించి దాచెను. సుమారు 31,500 తరముల తరువాత ఒక కుప్పెలోని జీవులు అంతకుముందు వాడుకొనలేని సిట్రేట్‌ను, ఆమ్లజని ఉండగనే ఆహారముగా వాడుకొన నేర్చినవి. ఈ మార్పు ఎప్పుడు మొదలైనదో తెలిసికొనుటకు పాత తరములను మంచునుండి లేపి మరల పెంచి చూచిరి. దాచినది లేనిచో ఆ ప్రశ్నకు సమాధానము లేకపోయెడిది. నిలుపుట యనగా కాలములో వెనుకకు పోవు దారిని తెరచి ఉంచుట.

రెండవ మార్గములో సూత్రమొక్కటే. జీవక్రియకు వేడి, నీరు, ఆహారము కావలెను. వీనిలో ఒకదానిని తీసివేసినచో కాలము నెమ్మదించును. కళాశాలలో ఏటవాలు అగర్ నాళికలను 4 డిగ్రీల వద్ద ఉంచి నెలకొకసారి మార్చుట వేడిని తగ్గించుట. నాళికలో శుద్ధమైన పారాఫిన్ నూనె పోయుట గాలిని, ఆవిరిని అడ్డుకొనుట. పెద్ద భాండారములలో గ్లిసరాల్ కలిపి −80 డిగ్రీల వద్ద ఉంచుదురు, లేదా గడ్డకట్టించి శూన్యములో ఎండబెట్టుదురు. ఎండినవి దశాబ్దములు నిలుచును. అంగడిలో దొరకు ఎండు ఈస్ట్ పొట్లము ఈ ఎండబెట్టు సూత్రమునకు ఇంటి ఉదాహరణమే. ఇంటి ఫ్రిజ్జిలోని మంచు అర సుమారు −18 డిగ్రీలు. అందులో పెరుగు తోడు కొన్ని వారములు నిలుచును గాని, చాల కణములు చచ్చును. దానంతట అది మంచు కరగించుకొను ఫ్రిజ్జి అయినచో నష్టము మరింత ఎక్కువ.

రైతు చేతిలోని కల్చర్

ఈ విషయము వంటింటితో ఆగినచో ఇంత చెప్పనక్కరలేదు. జమ్మికుంట ప్రత్తి మార్కెట్టునకు పేరుపొందిన పట్టణము. కృషి విజ్ఞాన కేంద్రమును అక్కడ కలదు. చుట్టుపట్ల పెసర, కంది, ఉత్తరమున ఆదిలాబాదు వైపు సోయాచిక్కుడు వేయుదురు. వీని వేళ్ల బుడిపెలలో నివసించు రైజోబియంను గూర్చి పాఠము చెప్పును. బుడిపెను చితిపి రంగు వేసి చూడుమని కృత్యమును కలదు. 1888లో బైయరింక్ ఈ జీవిని విడదీసి పెంచెను. 1890 దశకమునకే జర్మనీలో దానిని సీసాలలో పెట్టి రైతులకు అమ్మిరి.

మన దేశమున ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో జీవన ఎరువులను చేర్చిరి. పొడి రూపమున అమ్ము రైజోబియంలో గ్రాముకు కనీసము 5 కోట్ల బ్రతికిన కణములు ఉండవలెనని నిర్ణయించిరి. అనగా 200 గ్రాముల పొట్లములో 1000 కోట్ల ప్రాణములు. యూరియా బస్తా ఎండలో ఉన్నను యూరియాయే. ఈ పొట్లము మే నెలలో రేకుల దుకాణములో నెల దినములు ఉన్నచో నల్లని పొడి మాత్రమే మిగులవచ్చును. పొట్లముపై తేదీ చెల్లుబాటులోనే ఉండును, లోపలి జీవి ఉండదు. జూన్‌లో రైతు దానిని బెల్లపు నీటితో విత్తనములకు పట్టించి, నీడన ఆరబెట్టి, శ్రద్ధగా విత్తును. బుడిపెలు రావు. అతడు జీవన ఎరువు అబద్ధమని తీర్మానించును.

ఆ రైతు బిడ్డ ఎనిమిదవ తరగతిలో రైజోబియం అను పేరును తప్పులేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొని ఉండును. ఆ పొట్లములోనిది పెరుగు తోడు వలె కాపాడుకొనవలసిన ప్రాణమని తండ్రికి చెప్పగలుగుటకు తగిన చదువు మాత్రము అతనికి అందలేదు. సోయాకు వేసెడి రైజోబియం శనగకు పనికిరాదను మాటయు అందలేదు. పాఠములోని లోపమునకు వెల ఎక్కడ చెల్లింపబడుచున్నదో ఇక్కడ కనబడును.

పాఠమునకు చేర్పదగినవి

విమర్శ లోపమును చూపి ఊరకుండరాదు. రెండు కృత్యములను చేర్చుటకు ఖర్చు దాదాపు లేదు.

మొదటిది తోడు చిట్టా. ఒకే గిన్నె పెరుగును మూడు భాగములు చేయవలెను. ఒకదానిని ప్రతి దినము, రెండవదానిని వారమునకొకసారి కాచి చల్లార్చిన పాలలో నూటికి ఒకటి చొప్పున మార్చవలెను. వారపు గిన్నె మిగిలిన దినములలో ఫ్రిజ్జిలో ఉండవలెను. మూడవ భాగమును మంచు అరలో దాచవలెను. ప్రతి గిన్నెపై పేరు, తేదీ, ఎన్నవ మార్పు అను మూడు వివరములు వ్రాయవలెను. నెల గడచునప్పటికి మొదటిది సుమారు 200 తరములు, రెండవది సుమారు 27 తరములు నడచును. అప్పుడు మంచులోనిదానిని రెండుసార్లు పాలలో మార్చి కోలుకొననిచ్చి, మూడింటిని ఒకే కుండలోని పాలలో, ఒకే సమయమున తోడు వేయవలెను. ఏది ఎన్ని గంటలకు గట్టిపడినది, తేట ఎంత, ఆమ్లత చూపు కాగితము రంగు ఏమి అను వానిని పట్టికలో వ్రాయవలెను. ప్రయోగపు పెరుగును రుచి చూడరాదు. ఫలితము ఎట్లు వచ్చినను పాఠమే. తేడా లేదని తేలినను అది కొలిచి తెలిసికొన్న సంగతి.

రెండవది పొట్లపు పరీక్ష. ఒక రైజోబియం పొట్లమును రెండు చేసి, ఒక సగమును తడి ఇసుకలో నిలిపిన కుండలో చల్లగాను, మరియొక సగమును ఎండ తగులు చోటను పది దినములు ఉంచవలెను. కడిగి ఉడికించిన ఇసుకతో మూడు కుండీలు నింపి, పెసర గింజలను ఒకదానిలో చల్లని పొడి పట్టించి, ఒకదానిలో ఎండిన పొడి పట్టించి, ఒకదానిలో ఏమియు పట్టించక నాటవలెను. నత్రజని లేని పోషక ద్రావణమును పోయుచు అయిదు వారముల తరువాత మొక్కలను పెరికి బుడిపెలను లెక్కింపవలెను. బుడిపెను కోసినప్పుడు లోపల గులాబి రంగు ఉన్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. పొట్లము పెసరకు తగినదై యుండవలెను. ఆ వివరమును వ్యవసాయాధికారివద్దనో కృషి విజ్ఞాన కేంద్రముననో అడిగి తెలిసికొనవచ్చును.

ఉపాధ్యాయునికి కాలము చాలదను అభ్యంతరము నిజమైనదే. సిలబస్ పెద్దది, ప్రయోగపు గంటలు తక్కువ. కాని ఈ కృత్యములు తరగతి గంటలలో జరుగనక్కరలేదు. దినమునకు అయిదు నిమిషముల పని, ఒక నోటుపుస్తకము చాలును. పాఠమునుండి తీసివేయవలసినది వెతుకుదుమన్న అదియు కలదు: కంఠస్థము చేయించు పేర్ల పట్టికలో సగము.

ఎనిమిదవ తరగతి పాఠము విద్యార్థికి సూక్ష్మజీవిని పరిచయము చేసినది, దానికి కృతజ్ఞత చెప్పవలసినదే. అయితే పరిచయము ఒక్క దినపు పని, పోషణ నిత్యపు పని. చచ్చిన కణమును చూపు పాఠము సూక్ష్మజీవి ఉన్నదని నమ్మించును. బ్రతికినదానిని నెల దినములు నిలుపుకొమ్మని చెప్పు పాఠము, ఆ నమ్మకమును ఇంటికిని పొలమునకును పనికివచ్చు జ్ఞానముగా మార్చును. పుస్తకమును తిరిగి కూర్చునప్పుడు పాఠ్యకర్తలు మజ్జిగ చుక్కతోపాటు తోడు గిన్నెకును చోటు ఇత్తురుగాక.